కుండీ మట్టికి ఖనిజాల తోడ్పాటు
మొక్కల వేళ్ళకు ఊపిరి పోసే వర్మిక్యులైట్, పెర్లైట్

పట్టణాలలో పెరటి స్థలాలు తగ్గిపోవడంతో మిద్దెలపైన, వసారాలలో కుండీలు పెట్టుకుని ఆకుకూరలు, కూరగాయలు, పూల మొక్కలు పెంచుకోవడం సాధారణమైంది. శ్రద్ధగా నీరు పోస్తున్నప్పటికీ మొక్కలు పసుపుబారి చనిపోవడం చాలామందికి అనుభవమే. అనేక సందర్భాలలో ఇందుకు కారణం ఎరువు లోపం కాదు, మట్టి గట్టిపడి వేళ్ళకు గాలి అందకపోవడమే.

పొలంలో వానపాములు నేలను గుల్లపరుస్తాయి. అదనపు నీరు లోతుకు ఇంకిపోతుంది. కుండీలో ఈ వెసులుబాటు ఉండదు. తరచు నీరు పోయడం వల్ల మట్టి అణిగిపోయి, తడి నిలిచి వేరుకుళ్ళు సోకుతుంది. అడుగున గులకరాళ్ళు పరచడం దీనికి పరిష్కారం కాదు. పైనున్న మట్టి పూర్తిగా నానేవరకు నీరు రాళ్ళ పొరలోకి దిగదు. కనుక మార్పు మట్టి మిశ్రమంలోనే జరగాలి.

ఇందుకు ఉపకరించే ఖనిజాలలో ముఖ్యమైనది వర్మిక్యులైట్. అభ్రకాన్ని పోలిన ఈ ఖనిజాన్ని అధిక ఉష్ణోగ్రతలో వేడిచేసినప్పుడు పొరల మధ్య నీరు ఆవిరై, పొరలు హార్మోనియం తిత్తుల వలె విచ్చుకుంటాయి. ఇది నీటిని, పొటాషియం, మెగ్నీషియం వంటి పోషకాలను పట్టి ఉంచి వేళ్ళకు అందిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లోని నెల్లూరు అభ్రక క్షేత్రంలో దీని నిక్షేపాలు ఉన్నాయి.

పెర్లైట్ అగ్నిపర్వత గాజు. సుమారు 870 డిగ్రీల సెల్సియస్ వద్ద ఇది పేలాల వలె పొంగి తెల్లని తేలిక గుళికలుగా మారుతుంది. నీరు త్వరగా దిగిపోవడానికి, గాలి ఆడటానికి ఇది అనుకూలం. తడి కోరే నారుమడులకు, ఆకుకూరలకు వర్మిక్యులైట్, తడి నిలవడం సరిపడని కలబంద, ఎడారి మొక్కలకు పెర్లైట్ మేలు.

ఘనపరిమాణం ప్రకారం ఎర్రమట్టి రెండు పాళ్ళు, చివికిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, ఖనిజం ఒక్కొక్క పాలు చొప్పున కలుపుకోవచ్చు. ఘనపు మీటరు తడి మట్టి 1,500 కిలోలకు పైగా తూగుతుంది. పొంగించిన ఖనిజాలు పొడిగా ఉన్నప్పుడు సుమారు 100 కిలోలే. కనుక మిద్దెపై భారం కూడా తగ్గుతుంది.

వర్మిక్యులైట్, వర్మీకంపోస్టు ఒకటి కావు. మొదటిది ఖనిజం, రెండవది వానపాముల ఎరువు. ఖనిజాలు ఎరువుకు ప్రత్యామ్నాయం కావు.

వాడకంలో జాగ్రత్త అవసరం. అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో 1990లో మూతపడిన లిబ్బీ గని వర్మిక్యులైట్‌లో ఆస్‌బెస్టాస్ కలిసి ఉండటం వల్ల కార్మికులు, పట్టణవాసులు వందలాదిగా ఊపిరితిత్తుల వ్యాధుల పాలయ్యారు. ఆ దోషం ఖనిజమంతటిదీ కాదు. అయినప్పటికీ ఏ ఖనిజ ధూళినీ పీల్చరాదు. సంచి విప్పిన వెంటనే నీరు చిలకరించాలి. ముక్కుకు, నోటికి మాస్కు ధరించి ఆరుబయటే కలపాలి. పిల్లలను దూరంగా ఉంచాలి. ఆస్‌బెస్టాస్ లేదని ధృవీకరించిన సరుకునే కొనుగోలు చేయడం శ్రేయస్కరం.