కారు మీద వలయాలు

ఎండలో నిలిపిన నల్లకారును ఎప్పుడైనా పరిశీలనగా చూశారా? సూర్యుని ప్రతిబింబం చుట్టూ సాలెగూడు వంటి సన్నని వలయాలు కనిపిస్తాయి. నిజానికి అవి వలయాలు కావు. దుమ్ముగుడ్డతో తుడిచినందువల్ల అన్ని దిక్కులా పడిన గీతలు. వాటిలో వెలుగును మన కంటివైపు పరావర్తనం చేసేవి మాత్రమే మెరుస్తాయి. అందుకే వలయాలుగా తోస్తాయి. చాలాకాలం పీచుతో తోమిన స్టీలు పళ్ళేన్ని బల్బు కింద పట్టి చూడండి. పళ్ళేన్ని కాస్త జరిపినా, వలయాలు బల్బు ప్రతిబింబాన్ని వదలవు!

పాలిష్ యంత్రం ఈ గీతలను ఎలా పోగొడుతుంది? పూడ్చి కాదు, అరగదీసి. కారు రంగుపైన పారదర్శకమైన పూత ఉంటుంది. దాని మందం సుమారు 40-50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో 1000వ వంతు. పాలిష్ ముద్దలోని అల్యూమినియం ఆక్సైడ్ రేణువులు పూతను గీత అడుగుదాకా అరగదీస్తాయి. ఉపరితలం నునుపై, కాంతి క్రమ పరావర్తనం చెందుతుంది.

ఇంట్లో ఈ పని చేసేవారు ముందుగా కారును బాగా కడగాలి. దుమ్ములోని ఇసుక పూతకంటే చాలా గట్టిది. యంత్రాన్ని ఒకేచోట ఆపి ఉంచరాదు. ఘర్షణవల్ల పుట్టే వేడికి పూత పాడవుతుంది. అంచులవద్ద పూత త్వరగా అరుగుతుంది గనుక అక్కడ టేపు అంటిస్తారు.

అరిగిన పూత తిరిగి రాదు. కోరి వేయించుకున్న ప్రత్యేకమైన రంగయితే, దానికి సరిగ్గా సరిపోయే రంగు మళ్ళీ కలపడమూ కష్టమే. కనుక లోతైన గీత ఒకటి మిగిలినా దాన్ని వదిలేయడమే మేలు.

మరి, పాలిష్ అవసరమే తరచుగా రాకుండా ఏం చేయాలో ఇప్పుడు మీరే చెప్పగలరు కదా!