అన్నానికీ ఒక చదువు, ఆటకీ ఒక చదువు

పిల్లలూ! "పెద్దయ్యాక ఏమవుతావు?" అని ఎవరైనా అడిగితే మీలో చాలామంది "డాక్టరునవుతాను" అంటారు. మంచిదే. కాని జబ్బు చేశాక మందిచ్చే చదువు ఉన్నట్టే, జబ్బు రాకుండా ఏం తినాలి, ఎంత తినాలి, ఒంటికి ఎంత శ్రమ ఇవ్వాలి అని చెప్పే చదువు కూడా ఉన్నది. దానికీ ప్రయోగశాలలున్నాయి, పట్టాలున్నాయి. సికింద్రాబాదు పిల్లలకైతే అది పొరుగింటి సంగతే. స్టేషను దగ్గర బస్సెక్కి మెట్టుగూడ దాటితే తార్నాక వస్తుంది. అక్కడ ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే జాతీయ పోషకాహార సంస్థ ఉన్నది.

"అన్నం తినడానికి కూడా చదువు కావాలా?" అని మీకు నవ్వు రావచ్చు. అయితే ఈ సంగతి వినండి.

ఒకప్పుడు మన సర్కారు జిల్లాలలో బెరిబెరి అనే వ్యాధి ఉండేది. అది వచ్చిన వారికి కాళ్ళు తిమ్మిరెక్కి, నడక పడిపోయేది. కొందరికి ఒళ్ళంతా నీరు పట్టి గుండె ఆగిపోయేది. విచిత్రమేమంటే వాళ్ళు పస్తులున్నవాళ్ళు కారు. కడుపునిండా అన్నం తినేవాళ్ళే! 1918లో రాబర్ట్ మెకారిసన్ అనే వైద్యుడు నీలగిరి కొండలలోని కూనూరులో, ఒకే ఒక్క గదిలో ఈ వ్యాధిని గురించి పరిశోధన మొదలుపెట్టాడు. ఆ గదే పెరిగి పెద్దదై, 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలో ఉన్నది అదే.

బెరిబెరి గుట్టు బియ్యంలోనే దొరికింది. వడ్లగింజ మీది ఊక తీసేస్తే లోపల పలుచని తవుడు పొర ఉంటుంది. బి1 విటమిను ఎక్కువగా ఉండేది అందులోనే. మరలో వేసి బియ్యాన్ని మల్లెపూవులా తెల్లగా చేస్తే ఆ పొర పోతుంది. మిగిలిన కాస్తా కడుగు నీళ్ళతో కొంత, వార్చిన గంజితో కొంత పోతుంది. సరే, తమిళదేశంలో కూడా మరబియ్యం తినేవారు గదా, వారికి ఈ జబ్బు అంతగా ఎందుకు రాలేదు? వాళ్ళలో చాలామంది తిన్నది ఉప్పుడు బియ్యం. అంటే వడ్లను నానబెట్టి, ఉడికించి, ఎండబెట్టి, ఆ తరవాత మర పట్టిస్తారు. ఉడికేటప్పుడు విటమిను తవుడులోనుంచి గింజలోపలికి ఇంకుతుంది. ఆపైన ఎంత పాలిషు పట్టినా కొంత మిగిలే ఉంటుంది! కూనూరు శాస్త్రజ్ఞులు ఈ సంగతులన్నీ 1940లో వివరంగా ప్రకటించారు.

హైదరాబాదు వచ్చాక ఇంకొక చిక్కు ఎదురయింది. ఈ ప్రాంతంలో జొన్నరొట్టె తప్ప వేరే తిండి ఎరగని పేద కూలీలకు పెల్లాగ్రా అనే జబ్బు వస్తూ ఉండేది. మెడచుట్టూ, చేతులమీద, ఎండ తగిలిన చోటల్లా చర్మం నల్లబడి పొలుసులుగా ఊడుతుంది. విరేచనాలవుతాయి. ముదిరితే మతి కూడా చలిస్తుంది. నయాసిన్ అనే విటమిను ఇస్తే తగ్గిపోతుంది. కాని ప్రపంచంలో మిగతాచోట్ల ఇది మొక్కజొన్న తినేవారి జబ్బు. జొన్న తినేవారికి ఎందుకు రావాలి? జొన్నలో లూసిన్ అనే పదార్థం పాలు ఎక్కువని, అది శరీరంలో నయాసిన్ పనికి అడ్డు వస్తున్నదని 1960లో సి. గోపాలన్, ఆయన సహచరుడు వాదించారు. అందరూ ఒప్పుకోలేదు, ఏళ్ళతరబడి తర్కం సాగింది. జొన్న చెడ్డదనుకునేరు! అది బలమైన తిండే. పప్పూ పాలూ లేకుండా అదొక్కటే తినవలసి రావడంలోనే ఉంది కష్టమంతా.

ఇక ఆట సంగతి. పి. వి. సింధు పేరు తెలియనివాళ్ళు మీలో ఉండరు. ఆమె బాడ్మింటనులో ఓనమాలు దిద్దుకున్నది సికింద్రాబాదులోని రైల్వేవారి కోర్టులలోనే. 2017లో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ పోటీల ఫైనలులో ఆమె, జపాను అమ్మాయి ఒకుహారా 110 నిమిషాలు పోరాడారు. అందులో ఒక్క పాయింటు కోసం షటిలును 73 సార్లు కొట్టుకున్నారు! అంతసేపు ఆడటానికి బలం ఎక్కడినుంచి వస్తుంది? మనం తిన్న అన్నం, రొట్టెలలోని పిండిపదార్థంలో కొంత గ్లైకోజన్ అనే రూపంలో కండరాలలో దాగి ఉంటుంది. ఆటలో అది ఖర్చవుతుంది. చెమటతో నీరూ, ఉప్పూ పోతాయి. ఆటకు ముందు ఏం తినాలి, మధ్యలో ఏం తాగాలి, మర్నాటి ఆటకు మళ్ళీ కండరాలను ఎలా నింపుకోవాలి అన్నది ఊహమీద చెప్పే మాట కాదు, లెక్క కట్టి చెప్పేది. ఆ లెక్క నేర్పే చదువే క్రీడా పోషకాహారం.

ఇప్పుడు చెప్పబోయేది అమ్మానాన్నలు కూడా చదవాలి. ఈ దారిలో వెళ్ళాలంటే ఇంటర్మీడియెట్‌లో జీవశాస్త్రం, రసాయనశాస్త్రం ఉండటం మేలు. ఆపైన పోషకాహారం పాఠ్యాంశంగా బి.ఎస్సీ. చదవవచ్చు. సైఫాబాదులో వ్యవసాయ విశ్వవిద్యాలయంవారి కళాశాల ఉన్నది. పూర్వం హోంసైన్సు అనేవారు, ఇప్పుడు కమ్యూనిటీ సైన్సు అంటున్నారు. ఇది ఆడపిల్లల చదువని కొందరు మగపిల్లలు మొహం తిప్పుకుంటారు గాని, మెకారిసన్, గోపాలన్ మగవారే గదా! డిగ్రీ అయ్యాక తార్నాక సంస్థలోనే ఎం.ఎస్సీ. చేయవచ్చు, అప్లైడ్ న్యూట్రిషన్ ఒకటి, స్పోర్ట్స్ న్యూట్రిషన్ ఒకటి. ప్రవేశపరీక్ష ఉంటుంది, సీట్లు కొద్ది.

దెబ్బతిన్న కీళ్ళనూ కండరాలనూ తిరిగి దారికి తేవాలనుకునేవారికి బి.పి.టి., అనగా ఫిజియోథెరపీ పట్టా. డ్రిల్లు మాస్టారు కావాలనుకునేవారికి ఏదైనా డిగ్రీ తరవాత రెండేళ్ళ బి.పి.ఎడ్.; అది ఉస్మానియాలో ఉన్నది. 2021లో పార్లమెంటు చేసిన ఒక చట్టం ఫిజియోథెరపిస్టులను, డైటీషియన్లను ఒక జాతీయ కమిషను పరిధిలోకి తెచ్చింది. దానితో కోర్సుల నియమాలు మారుతూ ఉన్నాయి కనుక, చేరే ఏడు ప్రకటన చూసుకునే దరఖాస్తు పెట్టాలి. ఆరు వారాలలో డైటీషియనును చేస్తామనే గోడప్రకటనలు చూసి మాత్రం డబ్బు కట్టకండి. మనిషి గుండె, మూత్రపిండాలు ఎలా పనిచేస్తాయో తెలియకుండా షుగరు రోగికి పథ్యం చెప్పడం ప్రమాదం.

ఈ చదువులో చేరినవారు మొదట నేర్చే పనులలో ఒకటి ఏమిటో తెలుసా? ఇంటింటికీ వెళ్ళి "నిన్న పొద్దుటినుంచి రాత్రిదాకా ఏమేం తిన్నారు?" అని అడిగి, గిన్నెల కొలతతో రాసుకోవడం. మీరూ ఇవాళ ప్రయత్నించండి. ఒక కాగితం మీద నిన్న తిన్నవన్నీ రాయండి. అన్నం ఎన్ని గరిటెలు, పప్పు ఎంత, ఆకుకూర ఉన్నదా, లేదా? దారిలో కొనుక్కు తిన్న పల్లీలు, అమ్మ చూడకుండా నోట్లో వేసుకున్న బెల్లంముక్క కూడా రాయాలి సుమా!