సముద్రం దాటిన ఒంగోలు ఆవు

మే నెల మధ్యాహ్నం. జెర్సీ సంకరం ఆవు రొప్పుతుంది. నీడ కోసం వెతుక్కుంటుంది. పక్కనే ఒంగోలు ఆవు ఎండలోనే గడ్డి కొరుకుతూ ఉంటుంది. ఈ తేడా ఆడవాళ్ళకు కొత్త కాదు. మేత వేసేదీ, పేడ తీసేదీ వాళ్ళే కదా!

ఈ గుణం ఒక దూరదేశానికి బాగా పనికొచ్చింది. ఆ దేశం పేరు బ్రెజిల్. అక్కడా ఎండలు ఎక్కువే. చలిదేశాల పశువులు ఆ వేడికీ, పిడుదులకూ తట్టుకోలేక చిక్కిపోయేవి. 1868లో ఒక ఓడ అక్కడి సాల్వడార్ రేవులో ఆగింది. అందులో ఒక ఒంగోలు జత ఉంది. ఆ జత అక్కడే దిగిపోయింది. తర్వాత మరికొన్ని పశువులు ఓడలెక్కాయి. 1960ల మొదట్లో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరున్న ఆబోతు కూడా వెళ్ళింది. దాని సంతతి అక్కడ బాగా పెరిగింది.

అక్కడ ఈ జాతిని 'నెలోరి' అంటారు. అంటే నెల్లూరే. ఒకప్పుడు ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది మరి. ఇప్పుడు బ్రెజిల్‌లో 20 కోట్లకు పైగా పశువులున్నాయి. మనుషులకన్నా పశువులే ఎక్కువ! వాటిలో ఎక్కువ భాగం ఈ రక్తం ఉన్నవే. ఇక్కడ ఈ జాతిని అరకకూ, బండికీ పెంచారు. అక్కడ మాంసం కోసం పెంచుతారు.

ఎండను ఈ ఆవు ఎలా ఓర్చుకుంటుంది? పైన తెల్లటి పొట్టి వెంట్రుకలు. అవి ఎండను వెనక్కి కొడతాయి. కింద నల్లటి చర్మం. అది ఎండకు కమలదు. చెమట బాగా పడుతుంది, ఒళ్ళు చల్లబడుతుంది. చర్మం వదులుగా ఉంటుంది. దాన్ని విదిలించి ఈగల్ని తోలుకుంటుంది. దూడ చిన్నదిగా పుడుతుంది కాబట్టి ఈత సులువు. పుట్టిన కాసేపటికే లేచి పొదుగు వెతుక్కుంటుంది.

అక్కడ చాలా కుటుంబాలకు పెద్ద పెద్ద గడ్డి బీళ్ళు ఉంటాయి. పశువులు రాత్రీ పగలూ బయటే. ఒక్కో ఆబోతును 25, 30 ఆవుల మధ్య వదులుతారు. ఏడాది పొడుగునా కాదు, వానల కాలంలో మూడు నెలలే. అలా చేస్తే దూడలన్నీ ఒకే కాలంలో పుడతాయి. తల్లులు పాలిచ్చే రోజులకు కొత్త గడ్డి అందుతుంది. ఏడు, ఎనిమిది నెలలకు దూడలకు పాలు మాన్పిస్తారు.

తర్వాత ఏరివేత. ఇది కఠినమైన పని. చూడి కట్టని ఆవును అమ్మేస్తారు. చనుకట్లు మరీ లావుగా ఉంటే పసిదూడ నోటికి అందవు. అలాంటి ఆవునూ ఉంచరు. తొందరగా ఎదకు వచ్చిన పెయ్యలను ఉంచుకుంటారు. ఆబోతును ఎంచేటప్పుడు దాని ఒడ్డూ పొడుగూ ఒక్కటే చూడరు. దాని తల్లి ఏటా ఈనిందా? దూడను బాగా పెంచిందా? అదీ చూస్తారు.

ఇదంతా నోటి లెక్కతో జరగదు. ప్రతి పశువుకూ ఒక నంబరు ఉంటుంది. పుస్తకంలో తల్లి నంబరు, తండ్రి నంబరు, పుట్టిన తేదీ, బరువు రాస్తారు. ఎందుకంటే రెండేళ్ళకు పెయ్యలు ఎదకు వస్తాయి. అప్పటికీ అదే ఆబోతు మందలో ఉంటే తండ్రే కూతురిని కలుస్తాడు. అలాంటి కలయికలు సాగితే దూడల్లో బలం తగ్గుతుంది, చూడి కట్టడం కష్టమవుతుంది. అందుకే ఆబోతును మారుస్తారు.

ఇక్కడ ట్రాక్టర్లు వచ్చాక ఒంగోలు ఎద్దుల అవసరం తగ్గింది. ఆవులూ తగ్గాయి. గుంటూరు దగ్గర లాం ఫారంలో ఈ జాతి మీద పని జరుగుతోంది. ఊళ్ళో మిగిలిన ఆవులు కొన్నే కాబట్టి ఒకే ఆబోతు మళ్ళీ మళ్ళీ వస్తుంది. పశువుల ఆసుపత్రిలో ఇంజక్షన్‌తో చూడి కట్టిస్తే, ఆ సన్నటి గొట్టం మీద ఆబోతు నంబరు ఉంటుంది. అది అడిగి, తేదీతో సహా ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. పుట్టిన పెయ్య ఎదకు వచ్చినప్పుడు ఆ పేజీ తీసి చూపిస్తే, డాక్టరు వేరే నంబరు వాడతారు.