వేరుశనగ చెప్పే పాఠం: ఉమ్మడి సమాచార నిధులు, శాస్త్ర సదస్సులు, మన క్షేత్ర పరిశోధన

హైదరాబాదు నుంచి కర్నూలుకు సాగే 44వ జాతీయ రహదారి కృష్ణానదిని దాటే చోట బీచుపల్లి ఉంది. ఆంజనేయస్వామి క్షేత్రంగా ప్రసిద్ధమైన ఈ ఊరికి ఇరువైపులా గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాల ఎర్రనేలల్లో యాసంగి వేరుశనగ ముఖ్యమైన పంట. ఇక్కడి రైతు దానిని పల్లి అంటాడు. బీచుపల్లిలో ఒకప్పుడు ఆయిల్‌ఫెడ్ వేరుశనగ నూనె మిల్లు నడిచిందంటే ఈ ప్రాంతానికీ ఆ పంటకూ ఉన్న అనుబంధం అర్థమవుతుంది.

ఈ పంట జన్యు నిర్మాణమంతా నేడు అంతర్జాలంలో ఉచితంగా లభిస్తున్నది. పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానంలోని విద్యార్థి అయినా, అమెరికాలోని ఆచార్యుడైనా అదే సమాచారాన్ని అదే క్షణంలో చూడగలరు. అయితే చూడగలగడం వేరు, ఉపయోగించుకోగలగడం వేరు. కణజీవశాస్త్రం, జీవసమాచార శాస్త్రం నిర్మించుకున్న ఉమ్మడి వనరులు మన రైతు పొలానికి ఎలా చేరాయి, ఇకపై చేరాలంటే విస్తరణ శాస్త్రవేత్తల వంతు ఏమిటి అన్నది ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ముందు పంచుకున్నది విత్తనాన్ని

సమాచారం కంటే ముందు శాస్త్రజ్ఞులు పంచుకున్నది విత్తనాన్ని. సాగులో ఉన్న వేరుశనగలో జన్యు వైవిధ్యం తక్కువ. తిక్క ఆకుమచ్చ తెగులును, తుప్పు తెగులును తట్టుకునే గుణం కోసం పరిశోధకులు దక్షిణ అమెరికాలోని అడవి జాతులను ఆశ్రయించారు. బొలీవియాలో సేకరించిన అరాకిస్ కార్డెనాసీ అనే అడవి జాతిని 1960 దశకంలో ఉత్తర కరోలినా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో సాగు వేరుశనగతో సంకరపరిచారు. తొలి సంకరాలు వంధ్యమైనవి. క్రోమోజోముల సంఖ్యను రెట్టింపు చేసి, అనేక తరాల పాటు ఎంపిక చేసిన తరువాతనే ఫలవంతమైన వరుసలు దక్కాయి. ఆ విత్తనాలు చేతులు మారుతూ పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌కు, అక్కడి నుంచి అనేక దేశాలకు చేరాయి.

2021లో వెలువడిన ఒక అధ్యయనం ఈ ప్రయాణాన్ని జన్యు అనుక్రమాల సాయంతో తిరిగి గుర్తించింది. ఆ ఒక్క అడవి మొక్క నుంచి వచ్చిన క్రోమోజోము ఖండాలు 30 దేశాల్లో 251 రకాలు, వరుసలలో ఉన్నట్లు తేలింది. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించిన తెగుళ్ళను తట్టుకునే జీపీబీడీ 4 రకానికి కూడా మూలం ఈ సంకరమే. విత్తనం ఒకే సంస్థ అల్మారాలో ఉండిపోయి ఉంటే ఈ ఫలితం ఉండేది కాదు. అయితే ఆ ఖండాలు ఏ రకంలో, ఏ క్రోమోజోముపై ఉన్నాయో చెప్పగలగడం మాత్రం జన్యుపటం అందరికీ తెరిచి ఉంచినందువల్లనే సాధ్యమైంది.

అనుక్రమం అందరిదీ అయిన తీరు

జన్యు అనుక్రమాలను నిల్వ చేసే జెన్‌బ్యాంక్ 1982లో ఆరంభమైంది. అమెరికా, ఐరోపా, జపాన్‌లలోని మూడు నిధులు తమకు చేరిన అనుక్రమాలను పరస్పరం పంచుకుంటాయి కాబట్టి ఒకచోట సమర్పిస్తే మూడుచోట్లా లభిస్తుంది. 1996లో బెర్ముడాలో జరిగిన సమావేశంలో మానవ జన్యుపట పరిశోధకులు ఒక ముఖ్య నిర్ణయం తీసుకున్నారు. సిద్ధమైన అనుక్రమాన్ని 24 గంటలలోగా బహిరంగపరచాలన్నది దాని సారం. ప్రచురణ దాకా దాచుకునే అలవాటును మార్చిన నిర్ణయం అది. దానికి వేదిక ఒక సదస్సు కావడం గమనించదగినది.

వేరుశనగ పరిశోధకులు ఈ సంప్రదాయాన్నే పాటించారు. సాగు వేరుశనగలో 40 క్రోమోజోములున్నాయి. ఇది అరాకిస్ డ్యురానెన్సిస్, అరాకిస్ ఇపెయెన్సిస్ అనే రెండు జాతుల కలయికతో ఏర్పడిన చతుస్థితిక మొక్క. రెండు ఉపజీనోములు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్నందున వాటిని విడదీసి చదవడం కష్టం. అందుచేత ముందుగా మాతృజాతులను చదివారు. ఆ అనుక్రమాలను 2014 ఏప్రిల్‌లోనే బహిరంగపరిచారు; పరిశోధనా పత్రం వెలువడినది 2016లో. సాగు వేరుశనగ పూర్తి అనుక్రమం 2019లో ప్రచురితమైంది. పత్రం రాకముందే రెండేళ్ళ పాటు ప్రపంచంలోని ప్రజననకారులందరూ ఆ సమాచారంతో పనిచేయగలిగారు. నేడు పీనట్‌బేస్ అనే వేదికలో ఈ అనుక్రమాలు, జన్యు సూచికలు, లక్షణాల స్థానాలు ఒకేచోట లభిస్తాయి.

కణంలోని ఒక మార్పు, నూనెలో పెద్ద తేడా

ఈ వనరులు పొలానికి ఎలా చేరతాయో తెలుసుకోవడానికి ఓలిక్ ఆమ్లం అధికంగా గల వేరుశనగ చక్కని ఉదాహరణ. గింజ కణాల్లోని అంతర్జీవద్రవ్యజాలంలో ఒక ఎంజైము ఓలిక్ ఆమ్లాన్ని లినోలిక్ ఆమ్లంగా మారుస్తుంది. లినోలిక్ ఆమ్లం గాలిలోని ఆమ్లజనితో త్వరగా చర్య జరుపుతుంది. నూనె, వేయించిన పల్లి త్వరగా ముక్కవాసన పట్టడానికి ఒక కారణం అదే. ఈ ఎంజైమును తయారుచేసే ఫ్యాడ్2 జన్యువు రెండు ఉపజీనోములలోనూ ఒక్కొక్క ప్రతిగా ఉంటుంది. రెండూ పనిచేయకపోతేనే ఓలిక్ ఆమ్లం గణనీయంగా పెరుగుతుంది.

అమెరికాలోని ఫ్లోరిడాలో ఇటువంటి సహజ మార్పు గల వరుసను 1987లో నివేదించారు. తరువాతి పరిశోధనలో కారణం తెలిసింది. ఎ ఉపజీనోములోని జన్యువులో 448వ స్థానంలో ఒక క్షారం మారింది. బి ఉపజీనోములోని జన్యువులో 441, 442 స్థానాల మధ్య ఒక క్షారం అదనంగా చేరి, ప్రోటీను నిర్మాణం మధ్యలోనే ఆగిపోయింది. ఈ అనుక్రమాలు బహిరంగంగా ఉన్నందున ఆ మార్పులను చిన్న ఆకు ముక్కతోనే పసిగట్టే జన్యు సూచికలు రూపొందాయి. సన్‌ఓలిక్ 95ఆర్ అనే అమెరికా రకాన్ని దాతగా తీసుకుని, ఇక్రిశాట్, జునాగఢ్‌లోని వేరుశనగ పరిశోధనా సంస్థ కలిసి గిర్నార్ 4, గిర్నార్ 5 రకాలను రూపొందించాయి. సాధారణ రకాల్లో సుమారు సగం ఉండే ఓలిక్ ఆమ్లం వీటిలో దాదాపు 80 శాతం ఉంటుంది.

ఇక్కడే విస్తరణ శాస్త్రవేత్త బాధ్యత మొదలవుతుంది. ఈ గుణం కంటికి కనిపించదు. కాయను చూసి, గింజను నమిలి ఏ రైతూ దానిని గుర్తించలేడు. కల్లంలోనో, మార్కెట్ యార్డులోనో మరో రకంతో కలిస్తే గుణం పోతుంది, ధరలో తేడా కూడా పోతుంది. ప్రయోగశాల ఇరవై ఏళ్ళు శ్రమించి సాధించినది ఒక్క బస్తా కల్తీతో రైతుకు అందకుండా పోతుంది. రకం శుద్ధత, విడిగా సేకరణ, కొనుగోలుదారుతో ముందస్తు అవగాహన లేనిదే ఆ ఫలితం మార్కెట్ దాకా నిలవదు.

సదస్సులు ఎందుకు?

సమాచారమంతా తెరపై లభిస్తున్నప్పుడు శాస్త్రజ్ఞులు ప్రయాణించి కలుసుకోవలసిన అవసరమేమిటన్న ప్రశ్న సహజం. వేరుశనగ జన్యు పరిశోధకుల అంతర్జాతీయ సమావేశాల వరుస 2006లో చైనాలోని గ్వాంగ్‌జౌలో ఆరంభమైంది. మూడవ సమావేశం 2008 నవంబరులో ఇక్రిశాట్‌లోనే జరిగింది. అపరాలు, ఇతర లెగ్యూమ్ పంటల జన్యుశాస్త్రంపై ఆరవ అంతర్జాతీయ సదస్సుకు 2012లో హైదరాబాదు వేదికైంది. ఇటువంటి చోట్ల జరిగే అసలు పని పత్రాల సమర్పణ మాత్రమే కాదు. ఏ మొక్కను ప్రామాణికంగా చదవాలి, ఖర్చు ఎవరు భరించాలి, క్రోమోజోములకు ఏ సంఖ్యలివ్వాలి, తెగులు తీవ్రతను ఏ కొలతతో నమోదు చేయాలి అన్న అంగీకారాలు ముఖాముఖి చర్చల్లోనే త్వరగా కుదురుతాయి. ఆకుమచ్చ తీవ్రతను ఒకరు 1 నుంచి 9 వరకు గల కొలతతో, మరొకరు శాతంలో నమోదు చేస్తే ఆ రెండు ప్రయోగాలనూ కలిపి విశ్లేషించడం కష్టం.

సదస్సుకు వెళ్ళే మన యువ శాస్త్రవేత్త ధ్రువపత్రంతోపాటు మూడు విషయాలు వెంట తేవాలి: తన పంటకు వాడదగిన ఒక పద్ధతి, తన సందేహాన్ని తీర్చగల ఒక సహచరుని పరిచయం, తన ప్రయోగంలో మార్చుకోవలసిన ఒక కొలత. తిరిగి వచ్చిన వారం లోపల ఆ మూడింటినీ తన స్థానంలోని వారందరితో చర్చించాలి.

లోటు మన పొలాల్లో ఉంది

జన్యు అనుక్రమం నేడు చవకైంది, సమృద్ధిగా ఉంది. కొరతగా ఉన్నది నమ్మదగిన క్షేత్ర సమాచారం. ఇక్రిశాట్ జన్యు నిధిలోని 15 వేలకు పైగా వేరుశనగ నమూనాల వైవిధ్యానికి ప్రతినిధులుగా 184 నమూనాల చిన్న సముదాయాన్ని ఎంపిక చేశారు. వీటిలో ఏది జూరాల ఆయకట్టు చివరి భూముల్లో, ఏది బోరు కింద ఎర్ర చల్క నేలలో, ఏది ఫిబ్రవరి ఎండల్లో నిలుస్తుందో ఏ అనుక్రమమూ తనంతట తాను చెప్పదు. అది ఇక్కడి మడుల్లో తేలవలసిందే.

మన ప్రదర్శనా క్షేత్రాల్లో, మినీకిట్ పరీక్షల్లో ఏటా ఎంతో సమాచారం పుడుతుంది. నివేదికకు చేరేది మాత్రం తరచు సగటు దిగుబడి ఒక్కటే. ఏ మడిలో ఎంత, విత్తిన తేదీ ఏది, తడులెన్ని, ఏ దశలో మొదలు కుళ్ళు వచ్చింది అన్న వివరాలు రిజిస్టరులోనే మిగిలిపోతాయి. రిజిస్టరు పోతే అవీ పోతాయి. ప్రతి ప్రయోగానికీ రకం పేరు, విత్తన మూలం, పొలం అక్షాంశ రేఖాంశాలు, నేల స్వభావం, విత్తిన తేదీ, తడుల తేదీలు, ప్రతి మడి విలువ, కొలత ప్రమాణం ఉన్న పట్టికను మొదటిరోజు నుంచే నిర్వహిస్తే చాలు. లక్షణాల పేర్లకు క్రాప్ ఆంటాలజీ అనే ఉమ్మడి పదకోశం ఉంది; అందులో వేరుశనగకు ప్రత్యేక విభాగం కూడా ఉంది. ఆ పేర్లతో నమోదైన పాలెం ప్రయోగాన్ని రేపు జునాగఢ్ ప్రయోగంతో కలిపి విశ్లేషించవచ్చు.

విద్యార్థులకు ఒక అభ్యాసం

జీవసమాచార శాస్త్రమంటే ఖరీదైన యంత్రాలు కావాలన్న భయం అక్కరలేదు. జెన్‌బ్యాంక్ నుంచి ఫ్యాడ్2 జన్యువు సాధారణ, మార్పు చెందిన రూపాలను తెచ్చుకుని, బ్లాస్ట్ సాధనంతో పక్కపక్కన పోల్చి, 448వ స్థానంలోని తేడాను స్వయంగా గుర్తించడం ఒక మధ్యాహ్నపు పని. పెద్ద విశ్లేషణలకు గెలాక్సీ వేదిక ఉచితంగా లభిస్తుంది. వ్యవసాయ పత్రికలకు సెరా, సిద్ధాంత గ్రంథాలకు కృషికోశ్ ఉన్నాయి. మన దేశపు జీవశాస్త్ర సమాచారాన్ని భద్రపరచడానికి ఫరీదాబాద్‌లో భారత జీవసమాచార కేంద్రం 2022లో జాతికి అంకితమైంది. సిద్ధాంత గ్రంథంతో పాటు మూల దత్తాంశాన్ని కూడా సమర్పించడం పరిశోధక విద్యార్థుల నియమం కావాలి.

పంపకంలో న్యాయం

పంచుకోవడంలో న్యాయం కూడా ఉండాలి. 2001లో ఆమోదించిన మొక్కల జన్యు వనరుల అంతర్జాతీయ ఒప్పందంలో సులభ వినిమయానికి ఎంపిక చేసిన పంటల జాబితాలో వేరుశనగకు చోటు దక్కలేదు. అనుక్రమాల వాడకం నుంచి వచ్చే లాభంలో మూలవాసులకు వాటా ఉండాలన్న చర్చ ఫలితంగా 2025లో కాలీ నిధి ఆరంభమైంది. మన దేశంలో 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం రైతు రకాల నమోదుకు అవకాశమిస్తున్నది. రైతు ఇంటి విత్తనాన్ని సేకరించే విస్తరణాధికారి ఊరి పేరు, రైతు అనుమతి నమోదు చేయకపోతే ఆ హక్కుకు ఆధారమే మిగలదు.

ప్రపంచ సమాచార నిధి నుంచి మనం ఇప్పటికే చాలా పొందాము. ఈ యాసంగిలో విత్తే ప్రతి ప్రయోగపు మడికీ ఒక పూర్తి పట్టిక ఉంటే, ఆ నిధికి నడిగడ్డ నేలల నుంచి మనమూ కొంత తిరిగి ఇవ్వగలము. దాని తొలి లాభం అందేదీ ఇక్కడి పల్లి రైతుకే.