పుస్తకం ఉంది... దొరకదు!

అన్ని పుస్తకాలూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒక్క కాగితం చిరగలేదు. అయినా అడిగిన పుస్తకం తెచ్చివ్వలేక నెలల తరబడి అవస్థ పడింది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీ!

పుస్తకాలు, పత్రికలు, రాతప్రతులు, పటాలు... అన్నీ కలిపి దాదాపు 17 కోట్లున్న గ్రంథాలయమది. మన పాత తెలుగు పుస్తకాలూ అక్కడున్నాయి. ఆ సంపద ఇంకా బ్రిటిష్ మ్యూజియం చేతిలో ఉన్న రోజుల్లో, 1912లోనే, తెలుగు పుస్తకాల జాబితాను అచ్చేశారు. వందేళ్లు దాటాక అలాంటి అచ్చు జాబితాలే అక్కరకొస్తాయని ఎవరనుకున్నారు?

2023 అక్టోబరు 28, శనివారం. వెబ్‌సైట్ తెరుచుకోలేదు. క్యాటలాగ్ మాయం. వైఫై కూడా లేదు. రిసిడా అనే సైబర్ ముఠా లోపలికి చొరబడి సమాచారం దోచుకుని, సర్వర్లను పాడుచేసి పోయింది. దోచుకున్నదాన్ని 20 బిట్‌కాయిన్లకు వేలం పెట్టింది. లైబ్రరీ పైసా ఇవ్వలేదు. దాంతో సుమారు 600 గిగాబైట్ల సమాచారాన్ని బయట పడేశారు. అందులో సిబ్బంది వివరాలున్నాయి, పాఠకులవీ ఉన్నాయి.

మరి పాఠకులకు కబురు చెప్పేదెలా? ఒకప్పటి ట్విట్టర్ అయిన ఎక్స్ అప్పుడు ఆదుకుంది. ఏ సేవలు ఉన్నాయి, ఏవి లేవు అని అందులోనే చెబుతూ వచ్చారు. ఇదే పాస్‌వర్డ్ వేరేచోట వాడుతుంటే మార్చుకోమని పాఠకులను హెచ్చరించారు. లైబ్రరీకి సోషల్ మీడియా ఎందుకని పెదవి విరిచేవాళ్లు గుర్తుంచుకోవాల్సిన సంగతే.

పఠన మందిరాలు మాత్రం మూతపడలేదు. కంప్యూటర్ మీట నొక్కితే వచ్చే పుస్తకాలకు మళ్లీ కాగితం చీటీలు మొదలయ్యాయి. యార్క్‌షైర్‌లోని గోదాములో ఉన్నవాటికి ఆ ఉపాయమూ పనిచేయలేదు. అక్కడ పుస్తకాలు తీసేది రోబో క్రేన్లు. వాటికి చీటీ చదవడం రాదు కదా!

ఇంతకీ దొంగలెలా వచ్చారు? బయటి సంస్థలవాళ్లు దూరం నుంచి పనిచేసుకోవడానికి 2020లో పెట్టిన ఒక సర్వర్ గుండా వచ్చి ఉంటారని తేలింది. పాస్‌వర్డ్ తర్వాత మరోసారి నిర్ధారణ అడిగే ఏర్పాటు దానికి లేదు. బ్యాంకు పని చేసుకుంటుంటే ఓటీపీ వస్తుంది చూడండి, విసుక్కుంటూ కొడతాం... అలాంటిదే. ఈమెయిల్ వంటివాటికి ఆ రెండో తాళం వేశారు. ఖర్చు, ఇబ్బంది చూసుకుని దీన్ని వదిలేశారు.

2024 జనవరి 15న క్యాటలాగ్ తిరిగొచ్చింది, వెతికి చూసుకోవడానికి మాత్రమే. మార్చిలో లైబ్రరీయే ఒక నివేదిక వేసింది. ఎక్కడ పొరపాటు జరిగిందో, ఏ పాత సాఫ్ట్‌వేర్ ఇక లేవదో అందులో రాసుకుంది. దాన్ని దాచుకోకుండా అందరూ చదువుకోవడానికి ఇంటర్నెట్‌లో పెట్టింది.