ఎడబాయని తోడు

18 ఏండ్ల కుఱ్ఱవాడొకడు, మీసకట్టు ఇంకను నల్లబడనివాడు, తెల్లచొక్కాపై టై బిగించి, ఎదపై నల్లని పేరుపలక తగిలించుకొని, భాష సరిగా రాని పరదేశపు వీధిలో ముక్కుమొగము తెలియనివారి తలుపు తట్టి నిలిచియుండుట లోకమున ననేక నగరములలో కానవచ్చు దృశ్యము. ఆ పలకపై అతని ఇంటిపేరునకు ముందు 'ఎల్డర్' అని యుండును. ఎల్డర్ అనగా పెద్ద. నిన్నటివరకు తల్లి లేపినగాని లేవని బాలునకు ఈ పెద్దరికము తగిలించి, రెండు సంవత్సరములు ఇల్లు విడిపించి పంపువారు, లోకము మోర్మనులని వ్యవహరించు మతశాఖవారు. తమ సమాజమునకు వారు పెట్టుకొన్న పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి-దిన పరిశుద్ధుల సంఘము. అమెరికాలో యూటా రాష్ట్రమునందలి సాల్ట్ లేక్ సిటీ వారి కేంద్రస్థానము.

ఈ తలుపు తట్టుట నిన్న మొన్నటిది కాదు. జోసెఫ్ స్మిత్ 1830 ఏప్రిల్ 6న న్యూయార్కు రాష్ట్రములో సంఘమును స్థాపించిన కొలది కాలమునకే, అతని తమ్ముడు శామ్యూల్, అప్పుడే అచ్చు ముగిసిన, వారి పవిత్రగ్రంథమగు మోర్మన్ గ్రంథపు ప్రతులను సంచిలో నింపుకొని కాలినడకను బయలుదేరెను. మొదటి దినము 25 మైళ్ళు నడచి, పోయినచోటనెల్ల తిరస్కారమే పొంది, సత్రమువాడును వెళ్ళగొట్టగా, ఆ రాత్రి ఆపిలుచెట్టు క్రింద పండుకొనెనని సంఘచరిత్రకారులు వ్రాసిరి. తన శ్రమ బూడిదలో పోసిన పన్నీరైనదనియే అతడు తలచియుండును. అయితే అతడమ్మిన ప్రతులలో నొకటి చేతులు మారి మారి బ్రిగం యంగ్ అను వడ్రంగిని చేరినది. 1847లో మోర్మనులను సాల్ట్ లేక్ లోయకు నడిపించుకొనిపోయిన నాయకుడు ఆ వడ్రంగియే.

ఆ యంగే, తన మిత్రుడు హీబర్ కింబల్‌తో కూడి, 1839 సెప్టెంబరులో ఇంగ్లండునకు ప్రచారయాత్ర సాగించెను. ఇరువురకును చలిజ్వరము, ఇంటివారికిని జ్వరమే, యంగు భార్య పురిటింట నున్నది. నడచు శక్తి లేక బండిలో పరుండి బయలుదేరిన ఆ మిత్రులు, కొంతదూరము పోవునంతలో మనసొప్పక బండి నాపించి, వణకుచునే లేచి నిలిచి, టోపీలు త్రిప్పుచు జయధ్వానము చేసిరి. ఆ కేక విని కింబల్ భార్య తూలుచు గడపదాక వచ్చి వీడ్కోలు చెప్పెనట. ధైర్యమునకు కొలత వేయవలసి వచ్చినచో నేను బండిలోనివారికంటె గడపలోని ఇల్లాలికే ఎక్కువ మార్కులు వేయుదును.

నేటి యాత్రలు ఇంతకంటె సుఖకరములు, క్రమబద్ధములు. యువకులు 24 నెలలు, యువతులు 18 నెలలు సేవచేయుదురు. అవివాహిత స్త్రీలను అధికారికముగా పంపుట 1898లో ఆరంభమైనది. 2012 అక్టోబరులో యువకుల కనీస వయస్సును 19 నుండి 18కిని, యువతుల వయస్సును 21 నుండి 19కిని తగ్గింపగా, సుమారు 58 వేలున్న సేవకుల సంఖ్య ఒక్క సంవత్సరములోనే 80 వేలు దాటినది. పోవలసిన దేశమును వారు కోరుకొనరాదు. సంఘపెద్దలు నిర్ణయించి 'పిలుపు' పంపుదురు. ఆ పిలుపును బంధుమిత్రులనెల్ల చేర్చి, అందరి యెదుట తెరచి చదువుట యూటా గృహములలో చిన్న పెండ్లి వంటి సంబరము. జీతము సున్న, పైపెచ్చు ఖర్చు చేతినుండి పెట్టుకొనవలెను. 2020 జూలై నుండి ఆ మొత్తము అమెరికా వారికి నెలకు 500 డాలర్లు; పెక్కుమంది దీనిని చిన్ననాటినుండి కూడబెట్టుకొందురు, చాలనిచోట తల్లిదండ్రులును స్థానిక సంఘమును ఆదుకొందురు.

ప్రోవో పట్టణములోని శిక్షణకేంద్రమున కొన్ని వారములు పరభాషను నూరిపోసి వారిని విమానమెక్కింతురు. ఉదయము ఆరున్నరకు లేచుట, చదువు, ప్రార్థన, వీధులు తిరుగుట, రాత్రి పదిన్నరకు దీపమార్పుట. సినిమా లేదు, ప్రేమ ముచ్చట లేదు. వారమున కొక పూట బట్టలుతుకుకొనుటకును, సరకులు తెచ్చుకొనుటకును సెలవు. మూయబడిన తలుపులు, వెంటబడు కుక్కలు, ఎండవానలు, వీనిని గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. తలుపు తెరచిన గృహస్థు మాత్రము తరచుగా మరియొక పరీక్ష పెట్టును: మీకెందరు భార్యలని యడుగును. బహుభార్యాత్వమును 1890లో వారి సంఘమే విడనాడినది. నల్లజాతి పురుషులకు 1978 వరకు పౌరోహిత్యము నిరాకరింపబడినది. తాను పుట్టకముందే ముగిసిన ఈ చరిత్రకంతకును, పాపము, గుమ్మములో నిలిచిన ఆ కుఱ్ఱవాడు సంజాయిషీ చెప్పుకొనవలెను.

ఇవన్నియు బయటివారికి కనబడు కష్టములు. సేవచేసి వచ్చినవారిని కదిపినచో మొదట వినవచ్చునది తోడును గూర్చిన మాట. మోర్మన్ ప్రచారకుడెన్నడును ఒంటరిగా నుండరాదు. సంఘాధికారి జతపరచిన తోడుతో తినవలెను, నడవవలెను, చదువవలెను, ఒకే గదిలో నిద్రింపవలెను. స్నానపు గదిలో తప్ప చూపునకో వినికిడికో అందనంత దూరము పోరాదు. ఆ తోడు తాను కోరుకొన్నవాడు కాడు. ఒకడు పల్లెటూరి పశువుల కొట్టమునుండి వచ్చినవాడు, ఒకడు పట్టణపు ధనికుని కొడుకు. ఒకనికి గురక, వేరొకనికి ఆ గురక విన్నచో రాత్రి యెల్ల జాగారము. ఒకడు నియమావళిని తాళపత్రమువలె కన్నులకద్దుకొనును, రెండవవాడు దానిని తలగడ క్రింద దాచును. మన పెద్దలు పెండ్లి కుదుర్చుటకు జాతకములైనను చూచిరి. ఇచ్చట అదియును లేదు. ఆరు వారముల కొకమారు మార్పుల ప్రకటన వెలువడును. పొసగనివానితో చిక్కిన కుఱ్ఱవాడు ఆ దినమునకై వ్రేళ్ళు మడచి లెక్కించుచుండును.

ఆశ్చర్యమేమనగా, ఆనందమును అడిగినచోను వారిలో పలువురు ఆ తోడునే చెప్పుదురు. జ్వరము వచ్చినపుడు గంజి కాచియిచ్చిన చేయి అదియే. ఇల్లు తలచుకొని రాత్రి వెక్కివెక్కి యేడ్చినపుడు విననట్లు నటించి, తెల్లవారి రొట్టెముక్క ముందుంచిన మర్యాద అదియే. క్షమాపణ చెప్పకుండ పగలు గడపుట అలవాటైనవాడు, రాత్రి అదే గదిలో మోకరిల్లి ఆ తోడుతో కలిసి ప్రార్థింపవలసివచ్చినపుడు నేర్చుకొను పాఠము ఏ కళాశాలలోను దొరకదు. దానికి తోడు భాష యొకటి. కొరియా సంతలో బేరమాడి, బ్రెజిలు వంటయింట కూర్చుండి నేర్చిన భాష జన్మమంతయు నిలుచును. మత మారినవారెందరని లెక్కించుచో చాలమందికి మిగులునది స్వల్పమే. ఎవరో ముసలమ్మ పెరటిలో కలుపు తీసి, వలసవచ్చిన కుటుంబమునకు ఉచితముగా ఇంగ్లీషు నేర్పి గడించిన స్నేహములు మాత్రము లెక్కకు మిక్కిలి.

తరువాతికాలమున అమెరికా అధ్యక్షపదవికి పోటీచేసిన మిట్ రామ్నీ, 1966 నుండి రెండున్నరేండ్లు ఫ్రాన్సులో ఈ సేవ చేసెను. ద్రాక్షాసవము నీళ్ళవలె త్రాగు దేశమున మద్యనిషేధము బోధించుటయే సాహసము; వియత్నాము యుద్ధముపై కోపముతోనున్న ప్రజల యెదుట అమెరికనుగా నిలుచుట మరింత సాహసము. 1968 జూన్‌లో అతడు నడపుచున్న కారును ఎదురుగా వచ్చిన కారు ఢీకొనగా, లోపలనున్న సంఘాధికారి భార్య మరణించెను. తీవ్రముగా గాయపడిన రామ్నీ కోలుకొని, ఆ వేసవిలోనే మరల పనిలో ప్రవేశించెను.

అందరును అట్లు నిలువలేరు. దేహమో మనస్సో కుంగి, గడువు తీరకముందే తిరిగివచ్చిన పిల్లలు కలరు. ఊరంతయు కూడి సాగనంపిన బాలుడు ఆరునెలలకే ఇల్లు చేరినచో, ఎవరేమియు అనకున్నను, గుడిలో వెనుకవరుసలో కూర్చుండును. నా దృష్టిలో ఈ వ్యవస్థకు గల పెద్దలోపమిదియే: వెళ్ళుటను పండుగ చేయుట దానికి తెలిసినంతగా, వెనుదిరిగినవానిని ఆదరించుట తెలియలేదు. సంస్కరణ రాలేదని అనను. పూర్వము సంవత్సరమున రెండు పర్యాయములే ఇంటికి ఫోను చేయనిచ్చెడివారు; 2019 ఫిబ్రవరినుండి వారమున కొకమారు తల్లిదండ్రులతో మాటలాడుకొనవచ్చును. కొందరు పాతకాలపువారు ఇది మెత్తదనమని గొణగిరట. బండిలో లేచి నిలిచి కేకవేసిన కింబల్‌కు ఆ ఫోను దొరికియున్నచో వాడకుండునా?

తెలుగునాటికిని ఈ కథతో సంబంధము కలదు. సమోవా ద్వీపములలో ఉద్యోగము చేయుచు ఈ మతము స్వీకరించిన కీటకశాస్త్రజ్ఞుడు ఎడ్విన్ ధర్మరాజు, ఆయన భార్య ఎల్సీ, 1978లో ప్రచారకులుగ హైదరాబాదునకు తిరిగివచ్చి, తమ బంధువులలోనే 22 మందికి బాప్తిస్మ మిప్పించిరి. మోర్మన్ గ్రంథభాగములు తెలుగున 1982లో వెలువడినవి. భారతదేశమున ఆ సంఘపు మొదటి 'స్టేకు', అనగా పెక్కు స్థానిక సంఘముల సముదాయము, 2012లో హైదరాబాదుననే ఏర్పడినది.

అమెరికాలో కాపురమున్న మన తెలుగువారి తలుపును ఇట్టి ప్రచారకుల జంట ఏదో యొకనాడు తట్టకపోదు. గ్రంథము పుచ్చుకొనుటయు మానుటయు మీ యిష్టము. ఎండలో వచ్చినవారని జాలిపడి కాఫీ మాత్రము కలుపబోకుడు. కాఫీ, టీ వారికి నిషిద్ధములు, మొగమాటముతో వద్దనలేక వారు బాధపడుదురు. చల్లని మజ్జిగ యిండు, రెండు గ్లాసులు.