మిరపకాయల అమ్మకము: కల్లములోనే జాగ్రత్త

ఎకరము, రెండెకరముల మిరప వేయు రైతునకు ధర తన చేతిలో లేదు. సరకు మాత్రము తన చేతిలోనే యున్నది. ఆరు నెలలు చెమటోడ్చి పెంచిన పంటను పలువురు కల్లములోనే పాడుచేసికొనుట మేము చూచుచున్నాము.

మొదటిది, ఆరబెట్టుట. కోసిన కాయను వట్టినేలపై పోయరాదు. పరదాలపై పలుచగా పరచి, తరచు తిరుగవేసి, రాత్రులందు మంచు తగులకుండ కప్పవలెను. తేమ నూటికి 10 పాళ్లకు మించకుండునంతవరకు ఎండవలెను.

రెండవది, నీళ్లు చల్లుట. కాయ విరుగదనియు, తూకము పెరుగుననియు కొందరిట్లు చేయుదురు. తడిసిన కాయకు బూజు పట్టును. అందు పుట్టు అఫ్లాటాక్సిను అను విషము కనబడినచో విదేశపు రేవులలో సరకును త్రోసివేయుదురు. ఆ చెడ్డపేరు మనకందరకును తగులును.

మూడవది, తాలుకాయను ఏరుట. ఉదాహరణకు, క్వింటాలులో 8 కిలోలు తాలున్నదనుకొందము. కలిపి అమ్మినచో కిలో 135 రూపాయల వంతున 13,500 వచ్చును. ఏరినచో మంచికాయ 92 కిలోలు 150 వంతున 13,800, తాలు 60 వంతున 480, వెరసి 14,280. హెచ్చు 780. ఏరుకూలి పోను మిగిలినది రైతుదే.

అయినను, అప్పిచ్చిన కొట్టునకే సరకు తోలవలసిన రైతునకు బేరమాడు సందుండదు. కావున పెట్టుబడి సంఘమునుండి తీసికొనుడు. గుంటూరు యార్డునకు బండి కట్టకముందే ప్రతి బస్తాను ఇంటివద్ద తూచి, తూకము వ్రాసికొనుడు. ఆ చీటీయే అక్కడ మీకు సాక్షి.